లూప్స్ కొంటున్నారా? కుర్చీలో కూర్చుని కొలతలివ్వకండి

ఓటీలో (ఆపరేషన్ థియేటర్లో) లూప్స్, అంటే చిన్నవి పెద్దగా చూపే దుర్భిణి కళ్లద్దాలు వాడే సర్జన్లు, కొత్తగా కొనబోయే పీజీలు ఆర్డర్ ఇచ్చే ముందు ఇది ఒకసారి చదవండి. 'ఎర్గోనామిక్' (ఒంటికి శ్రమ లేనిది) అన్న ఒక్క మాట నమ్మి నేను చేతులు కాల్చుకున్నాను.

ఒక కాన్ఫరెన్స్‌లో స్టాల్ దగ్గర ఆగాను. సేల్స్ అబ్బాయి కుర్చీలో కూర్చోబెట్టి, కంటిపాపల మధ్య దూరం కొలిచి, ఒళ్లో చేతులు పెట్టుకోమని టేపు పట్టాడు. వర్కింగ్ డిస్టెన్స్, అంటే కంటి నుంచి చేతుల పని దాకా దూరం, 42 సెంటీమీటర్లు అని రాసుకున్నాడు. ఐదు నిమిషాల్లో పని పూర్తి. మొత్తం డబ్బు అడ్వాన్స్. ఫారం మీద సంతకం కూడా పెట్టాను, చదవకుండా.

లూప్స్ వచ్చాక మొదటి కేసులోనే తేడా తెలిసింది. నిటారుగా నిలబడితే సూది మొన మసక. తల కిందికి దించితే స్పష్టం. కాస్త పైకి లేస్తే మళ్లీ మసక. టేబుల్ దగ్గర నిలబడి ఇంట్లో కొలుచుకుంటే నా అసలు దూరం 50 సెంటీమీటర్లు వచ్చింది. ఆ తక్కువైన 8 సెంటీమీటర్లు ఎక్కడి నుంచి వస్తాయి? మెడలోంచే.

రెండో తప్పు కోణం. నేను కొన్నది టీటీఎల్ (త్రూ ద లెన్స్) రకం, అంటే దుర్భిణి గొట్టాలను కళ్లద్దం గాజులోనే బిగించేస్తారు. కళ్లు కిందికి ఎంత వాలి చూడాలన్న డిక్లినేషన్ యాంగిల్ ఫ్యాక్టరీలోనే ఖరారైపోతుంది. అది చాలకపోతే కళ్లు వాలాల్సిన చోట మెడ వాలుతుంది. తల బరువు దాదాపు 5 కిలోలు. నిటారుగా ఉంటే వెన్నెముక మోస్తుంది, ముందుకు వంగేకొద్దీ మెడ వెనక కండరాలు దాన్ని పట్టి లాగుతూ ఉండాలి. దానికి తోడు ముక్కు మీద లూప్స్, నొసటి మీద హెడ్‌లైట్.

"అలవాటవుతుంది సార్" అన్నారు కంపెనీవాళ్లు. మూడు నెలలు ఓపిక పట్టాను, అదే నా పెద్ద పొరపాటు. పెద్ద కేసు అయ్యాక కుడి చేతి బొటనవేలు తిమ్మిరెక్కడం మొదలైంది. ఒకరోజు సిస్టర్‌ని పక్క నుంచి ఫొటో తీయమన్నాను, రోగి కనిపించకుండా. చూస్తే చెరువులో చేప కోసం కాచుకున్న కొంగలా ఉన్నాను.

కంపెనీకి ఆ ఫొటో పంపితే ఒకటే జవాబు: "కస్టమ్ మేడ్, రిటర్న్ లేదు, కొలతలు మీవే, సంతకం మీదే."

కాబట్టి మీరు ఓటీలో నిలబడి, మీరు మామూలుగా పెట్టుకునే టేబుల్ ఎత్తులో, చెప్పులతో సహా కొలతలివ్వండి. కూర్చుని చేసే కేసులు కూడా ఉంటే రెండు దూరాలూ చెప్పండి. డిక్లినేషన్ యాంగిల్ ఎన్ని డిగ్రీలో కాగితం మీద రాయించుకోండి. తడబడుతూ "స్టాండర్డ్ సార్" అన్నవాడి దగ్గర కొనకండి. ఒకటి రెండు వారాలు ట్రయల్ ఇవ్వనంటే ఇంకో చోట చూసుకోండి. నలభై దాటినవాళ్లు ఇంకో మాట అడగాలి: చత్వారం వచ్చి పవర్ మారితే టీటీఎల్‌లో గాజు మార్చడానికి ఎంతవుతుంది, ఎన్నాళ్లు పడుతుంది? గొట్టాలు గాజు ముందు కీలు మీద ఉండి పైకి ఎత్తుకోగలిగే ఫ్లిప్-అప్ రకం కాస్త బరువు, కానీ కోణం మన చేతిలో ఉంటుంది. నాకిప్పుడు అదే మేలనిపిస్తోంది.

ఈ మధ్య ప్రిజంతో చూపును కిందికి మళ్లించే లూప్స్ వస్తున్నాయి. తల ఎత్తి ఎదురుగా చూస్తూ చేతుల పని చేయొచ్చు. నేను కాసేపు పెట్టి చూశాను, మెడకు హాయిగానే ఉంది. కానీ చెయ్యి ఒకచోట, చూపు ఒకచోట ఉన్నట్టుంటుంది. డ్రై ల్యాబ్‌లో (నమూనాల మీద సాధన చేసే చోట) కుట్లు వేసి చూసుకోకుండా నేరుగా కేసులో వాడొద్దు.

నా లూప్స్ ఇప్పుడు డ్రాయర్లో ఉన్నాయి. సెకండ్ హ్యాండ్‌లో అమ్మేయమని ఒక ఫ్రెండ్ సలహా. కంటిపాపల మధ్య దూరం నాది, వర్కింగ్ డిస్టెన్స్ ఎవరిదో తెలీదు. ఎవరికని అంటగట్టను?