విండోస్ ఆర్కిటెక్చర్ కనుక్కోవడానికి ఏ పద్ధతి మేలు?

అమీర్‌పేటలో కోర్సు చేసి మాదాపూర్ ఆఫీసుల్లో చేరే జూనియర్లు పదేపదే అడిగేది ఇదే: "అన్నా, మన ఇన్‌స్టాలర్ నడుస్తున్న విండోస్ 32 బిట్టా, 64 బిట్టా, ఆర్మ్‌దా? కోడ్‌లోనే ఎలా పట్టుకోవాలి?" ఈ రకాన్నే ఆర్కిటెక్చర్ అంటారు; ఆర్మ్ అంటే ఇంటెల్, ఏఎండీలది కాని వేరే రకం ప్రాసెసర్.

ఎక్కువమంది ముందుగా చూసేది 'ప్రాసెసర్_ఆర్కిటెక్చర్' అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రామ్‌లు చదువుకోవడానికి సిస్టమ్ ఉంచే విలువ). 64 బిట్ విండోస్‌లో 32 బిట్ ప్రోగ్రామ్ దాన్ని చదివితే 'ఎక్స్86' (32 బిట్ ఇంటెల్ రకం) అని వస్తుంది. అసలు సంగతి 'ప్రాసెసర్_ఆర్కిటెడబ్ల్యూ6432'లో ఉంటుంది. బ్యాచ్ ఫైలుకైతే ఈ రెండూ చూసుకుంటే సరిపోతుంది. పాయింటర్ (మెమరీ అడ్రసు ఉంచుకునే విలువ) సైజు చూడటం మాత్రం వద్దు, అది మన ప్రోగ్రామ్ గురించే చెబుతుంది.

ఇక అసలు పోటీ విండోస్‌లోని రెండు ఫంక్షన్ల మధ్యే: గెట్‌నేటివ్‌సిస్టమ్‌ఇన్ఫో, ఈజ్‌వావ్64ప్రాసెస్2. విండోస్ ఎక్స్‌పీ నాటి నుంచీ ఉన్న గెట్‌నేటివ్‌సిస్టమ్‌ఇన్ఫో ఇంటెల్, ఏఎండీ మెషీన్లలో ఎప్పుడూ సరిగ్గానే చెబుతుంది. చిక్కంతా ఆర్మ్ ల్యాప్‌టాప్‌లతోనే. విండోస్ 11 ఆర్మ్ మీద ఎక్స్64 (64 బిట్ ఇంటెల్, ఏఎండీ రకం) ప్రోగ్రామ్‌లను ఎమ్యులేషన్‌లో, అంటే ఆ ప్రాసెసర్‌ను అనుకరిస్తూ నడిపిస్తుంది. అలా నడిచే ప్రోగ్రామ్ అడిగితే, ఈ ఫంక్షన్ మెషీన్ కూడా ఎక్స్64 అనే చెబుతుంది. మామూలు అప్లికేషన్ అయితే ఎమ్యులేషన్‌లో ఎలాగోలా నడిచిపోతుంది. డ్రైవర్ అలా కాదు. కెర్నెల్‌లో (విండోస్ లోపలి కేంద్ర భాగంలో) ఎమ్యులేషన్ ఉండదు, అక్కడ ఆర్మ్64 డ్రైవరే కావాలి. ప్రింటర్‌కో, బయోమెట్రిక్ మెషీన్‌కో డ్రైవర్ పెట్టే ఇన్‌స్టాలర్ ఇక్కడే దెబ్బతింటుంది.

అందుకే నా ఓటు ఈజ్‌వావ్64ప్రాసెస్2కే. ఇది ప్రాసెస్ రకాన్నీ, అసలు మెషీన్ రకాన్నీ విడివిడిగా ఇస్తుంది. ఆర్మ్ మీద ఎక్స్64 ప్రోగ్రామ్ నుంచి పిలిస్తే మొదటి విలువ 'అన్‌నోన్' అని వస్తుంది. కంగారు పడక్కర్లేదు, ఆ ప్రాసెస్ వావ్64లో (64 బిట్ విండోస్‌లో 32 బిట్ ప్రోగ్రామ్‌లను నడిపే పొరలో) లేదని దానర్థం, అంతే. రెండో విలువే చూడండి: హెక్స్‌లో ఏఏ64 అంటే ఆర్మ్64, 8664 అంటే ఎక్స్64.

ఒక్క జాగ్రత్త. ఇది విండోస్ 10లోనే, వెర్షన్ 1511 నుంచి వచ్చింది. నేరుగా లింక్ చేస్తే విండోస్ 7లో ప్రోగ్రామ్ అసలు మొదలే కాదు. మన దగ్గర చిన్న షాపుల బిల్లింగ్ కౌంటర్లలో ఆ పాత సిస్టమ్‌లు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. కాబట్టి ప్రోగ్రామ్ నడుస్తుండగా ఫంక్షన్ ఉందో లేదో చూసే గెట్‌ప్రాక్‌అడ్రస్‌తో కెర్నెల్32 అనే విండోస్ లైబ్రరీలో వెతకండి. దొరక్కపోతే గెట్‌నేటివ్‌సిస్టమ్‌ఇన్ఫోనే వాడండి. అంత పాత విండోస్‌లో ఈ ఎమ్యులేషన్ గొడవ ఎలాగూ ఉండదు.

డాట్‌నెట్‌లోని ఈజ్64బిట్‌ఆపరేటింగ్‌సిస్టమ్ 64 బిట్టా కాదా అన్నంతవరకే చెబుతుంది, ఆర్మ్‌నీ ఇంటెల్‌నీ వేరుచేయదు.