రెండు కీళ్ల ల్యాప్‌టాప్ స్టాండ్: కీబోర్డ్ లేకుండా కొంటే మెడ నొప్పి కాస్తా భుజాలకు దిగుతుంది

ఇంటి నుంచి పనిచేసేవాళ్ల మెడ నొప్పి తగ్గిస్తామంటూ అమ్ముడయ్యే సరుకులో నిజంగా పనికొచ్చేది తక్కువ. ఆ తక్కువలో ఒకటి కింద ఒక కీలు, పైన ఒక కీలు ఉండే అల్యూమినియం ల్యాప్‌టాప్ స్టాండ్. కాకపోతే ఇది సగం వస్తువే. మిగతా సగం విడి కీబోర్డ్, మౌస్. అవి లేకుండా స్టాండ్ ఒక్కటే కొన్నవాళ్లు వారం తిరక్కుండా దాన్ని అటకెక్కిస్తారు. అందులో స్టాండ్ తప్పేమీ లేదు.

ఇబ్బంది ల్యాప్‌టాప్ తయారీలోనే ఉంది. తెర, కీబోర్డ్ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. చేతులకు సరిపడా పెడితే కళ్లకు కిందవుతుంది, కళ్లకు సరిపడా పెడితే చేతులకు మీదవుతుంది. అందరం బల్ల మీదే పెట్టి తల వంచుతాం. తల బరువు సుమారు 4.5 నుంచి 5.5 కిలోలు. 15 డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం 12 కిలోల దాకా, 60 డిగ్రీలు వంచితే 27 కిలోల దాకా ఉంటుందని 2014లో అమెరికా వెన్నెముక సర్జన్ కెన్నెత్ హన్స్‌రాజ్ కంప్యూటర్ నమూనాతో లెక్కగట్టారు. అంత భారం పడితే నొప్పి వచ్చి తీరుతుందని కాదు. సాయంత్రానికి మెడ వెనక కండరాలు ఎందుకు కొయ్యబారతాయో అర్థం కావడానికి మాత్రం ఆ లెక్క చాలు. తల ముందుకు పోతే వీపూ దాని వెంటే పోతుంది, నడుము కుర్చీని వదిలేస్తుంది. వీపు ఆనకపోతే ఎంత మంచి కుర్చీ అయినా పీటతో సమానం.

కొనేముందు టేపు తీసుకుని ఒక కొలత కొలవాలి. కుర్చీలో వెనక్కి ఆని కూర్చుని, బల్ల పైభాగం నుంచి కంటి దాకా ఎంతుందో ఎవరిచేతనైనా కొలిపించండి. అందులోంచి ల్యాప్‌టాప్ మూత ఎత్తు తీసేయండి. 14 అంగుళాల యంత్రానికి అది దాదాపు 21 సెంటీమీటర్లు. కంటి ఎత్తు 47 అనుకుంటే 26 మిగులుతుంది. తెర పై అంచు కంటికి సమానంగా లేదా రెండు మూడు సెంటీమీటర్లు కిందగా ఉండాలి కాబట్టి, స్టాండ్ ల్యాప్‌టాప్‌ను 23 నుంచి 26 సెంటీమీటర్లు లేపగలగాలి. వెనక అంచును మాత్రమే ఏడెనిమిది సెంటీమీటర్లు లేపే ఏటవాలు స్టాండ్లు ఇక్కడే తేలిపోతాయి. అవి యంత్రానికి గాలి ఆడటానికి పనికొస్తాయి, మెడకు కాదు. బైఫోకల్, ప్రోగ్రెసివ్ కళ్లద్దాలవాళ్లు ఈ లెక్క పాటించకూడదు. దగ్గరి చూపు అద్దం కింది భాగంలో ఉంటుంది గనక తెర పైకి పోయేకొద్దీ గడ్డం ఎత్తి చూడాల్సి వస్తుంది, నొప్పి మెడ వెనక మొదలవుతుంది. వాళ్లు గడ్డం ఎత్తకుండా చదవగలిగేదాకా తెరను దించుకోవాలి.

ఇక వస్తువు సంగతి. రెండు కీళ్లు ఉండటంలో లాభం ఏమిటంటే ఎత్తు వేరుగా, వాలు వేరుగా సర్దుకోవచ్చు. కీళ్లు బిర్రుగా ఉండాలి, ఒంటి చేత్తో సులువుగా వంగిపోయే స్టాండ్ రెండు కిలోల యంత్రాన్ని పెట్టగానే మెల్లగా కుంగుతుంది. కీలు పక్కన ఆలెన్ స్క్రూ (తలలో ఆరు పలకల గుంట ఉండే మర) ఉన్నవి మేలు, వదులైనప్పుడు పావు తిప్పు బిగిస్తే సరిపోతుంది. రివెట్ కొట్టేసినవి ఒకసారి వదులైతే అంతే. ల్యాప్‌టాప్ బరువు అడుగు పలక మీదే పడాలి. అది పలక అంచు దాటి ముందుకు వచ్చిందంటే స్టాండ్ ముందుకు తూలుతుంది. రబ్బరు ప్యాడ్లు యంత్రం వేడికి జిగురు వదిలేయడం ఈ రకంలో మామూలే, రెండు వైపులా అంటుకునే టేపుతో మళ్లీ అతికించుకోవచ్చు.

తెర కాస్త ఊగుతుందని ఈ స్టాండ్ల మీద ఫిర్యాదు ఎక్కువ. స్టాండ్ మీద పెట్టిన ల్యాప్‌టాప్ కీబోర్డ్ మీదే టైప్ చేస్తే ఊగక ఏం చేస్తుంది? అంతకన్నా ముఖ్యం, 25 సెంటీమీటర్ల ఎత్తులో టైప్ చేస్తే భుజాలు చెవుల దగ్గరికి లేస్తాయి, మణికట్లు వెనక్కి విరుగుతాయి. మెడ బాగుపడేలోపే భుజాలు పట్టేస్తాయి. కీబోర్డ్ బల్ల మీద, మోచేతుల ఎత్తులో ఉండాలి. దాని కింద వెనక వైపు మడత కాళ్లుంటే మూసేయండి, అవి తెరిస్తే మణికట్టు పైకి వంగుతుంది. నంబర్ ప్యాడ్ లేని కీబోర్డ్ అయితే మౌస్ సుమారు 8 సెంటీమీటర్లు దగ్గరికొస్తుంది, కుడి భుజం నొప్పి ఉన్నవాళ్లకు ఆ తేడా బాగా తెలుస్తుంది. బల్ల ఎత్తుగా ఉందని కుర్చీ పెంచితే పాదాలు వేలాడకుండా కింద పీట వేసుకోవాలి. తెర కంటికి చేతి పొడవు దూరంలో, అంటే 50 నుంచి 70 సెంటీమీటర్లలో ఉండాలి. అక్షరాలు చిన్నగా కనిపిస్తే ఫాంటు పెంచుకోండి, ముందుకు వంగకండి.

దీనితో పాటు భుజాలను వెనక్కి లాగే బెల్టు కొనమంటారు. ఆ డబ్బు కీబోర్డ్‌కు పెట్టండి. బెల్టు కట్టుకున్నంతసేపే వీపు నిటారుగా ఉంటుంది, వెనక కండరాలకు బలం మాత్రం రాదు.

ఎంత చక్కగా అమర్చినా కదలకుండా కూర్చుంటే మెడ పట్టేస్తుంది. అరగంటకోసారి లేచి రెండు నిమిషాలు తిరగాలి. కూర్చున్నచోటే గడ్డాన్ని కిందికి వంచకుండా తిన్నగా వెనక్కి లాగి 5 సెకన్లు ఉంచి వదలడం, ఇలా 10 సార్లు, రోజుకు మూడు పూటలు చేయవచ్చు. నొప్పి చేతిలోకి పాకి తిమ్మిరెక్కుతున్నా, పట్టు తగ్గుతున్నా, నడుము నొప్పితో పాటు కాళ్లలో బలం పోతున్నా, మూత్రం మీద అదుపు తప్పుతున్నా స్టాండ్ సర్దుతూ కూర్చోకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

కొనాలో వద్దో తేలకపోతే వారం రోజులు పుస్తకాల దొంతర మీద ల్యాప్‌టాప్ పెట్టి, విడి కీబోర్డ్‌తో పనిచేసి చూడండి. అడుగున గాలి రంధ్రాలు మూసుకోకుండా రెండు అంచుల కిందా చెరో పుస్తకం పెడితే చాలు. ఆ ఎత్తు సుఖంగా అనిపిస్తే టేపుతో కొలిచి, అంత ఎత్తు లేపగలిగే స్టాండే తీసుకోండి.