తిరుపతిలో వీర్య పరీక్ష: గది బాగుంది, రిపోర్టు ఇంకా బాగుండాలి

బస్టాండుకు దగ్గర్లోని ఈ ల్యాబ్‌లో అన్నిటికంటే మెచ్చుకోవాల్సింది శాంపిల్ ఇచ్చే గది. లోపల గడియ ఉంది, పక్కనే మైక్రోస్కోపు. వీర్యం చల్లబడకూడదు, గంటలోపు పరీక్షకు అందాలి. చిత్తూరులో డబ్బాలో పట్టి బస్సెక్కితే, తిరుపతిలో దిగేసరికే శుక్రకణాల కదలిక పడిపోతుంది. లేని జబ్బు రిపోర్టులోకి ఎక్కుతుంది. డబ్బాను పంపకండి, మనిషే రావాలి.

కౌంటర్లో మూడు ప్రశ్నలు అడుగుతారు: చివరిసారి వీర్యం పోయి ఎన్ని రోజులైంది (2 నుంచి 7 ఉండాలి), ఈమధ్య జ్వరం వచ్చిందా, మొత్తం డబ్బాలోనే పడిందా. మూడోది చాలా ముఖ్యం. కణాలు ఎక్కువగా ఉండేది మొదటి చుక్కల్లోనే, అవి జారిపోతే కౌంట్ తగ్గిపోతుంది. మామూలు కండోమ్, నూనె, ఉమ్మి వాడొద్దని గోడ మీద తెలుగులో రాసి పెట్టారు. చాలా మంచి పని.

రిపోర్టులో 2021 డబ్ల్యూహెచ్ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) కనీస హద్దులే వేస్తున్నారు: 1.4 మి.లీ., మి.లీ.కి 1.6 కోట్ల కణాలు, కదిలేవి 42 శాతం, సరైన ఆకారంలో 4 శాతం. ఆ 4 చూసి హడలిపోకండి, హద్దే అంత. దానికి కింద ఉన్నంత మాత్రాన పిల్లలు పుట్టరనీ కాదు.

లోటు ఎక్కడంటే, కౌంట్ సున్నా వచ్చినా ఫ్రక్టోజ్ (వీర్యంలో ఉండే ఒక చక్కెర) పరీక్ష మనం అడిగితేనే చేస్తారు. కణాలు వృషణాల్లో పుడతాయి గానీ, వీర్యంలో మూడింట రెండు వంతుల ద్రవం శుక్రాశయాలది, మిగిలినదాంట్లో ఎక్కువ పౌరుష గ్రంథిది (ప్రోస్టేట్). ఫ్రక్టోజ్ శుక్రాశయాల నుంచే వస్తుంది. కౌంట్ సున్నా, పరిమాణం తక్కువ, పిహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.2 కంటే కింద, ఫ్రక్టోజ్ లేదు: ఈ నాలుగూ కలిస్తే వృషణాలు బాగానే పనిచేస్తూ దారి మాత్రం మూసుకుపోయి ఉండొచ్చు, లేదా శుక్రాశయాలే పుట్టుకతో లేకపోవచ్చు. ఒట్టి 'సున్నా' అని చేతిలో పెడితే ఆ ఇంట్లో ఏడుపే మిగులుతుంది. శాంపిల్‌ను సెంట్రిఫ్యూజ్‌లో (వేగంగా తిప్పి కణాలను అడుక్కి దించే యంత్రం) తిప్పి, అడుగున చూశాకే సున్నా రాశారా అని కూడా అడగండి.

ఇంకొకటి. జ్వరం వస్తే కణాలు దెబ్బతినొచ్చు, అయినా జ్వరం వచ్చి తగ్గినవాళ్ళను కూడా 15 రోజులకే మళ్ళీ రమ్మంటున్నారు. కణం తయారవడానికి రెండు నెలలకు పైగా పడుతుంది, ఆ తర్వాత ఎపిడిడిమిస్ (వృషణం వెనక ఉండే సన్నని గొట్టం) దాటడానికి మరికొన్ని రోజులు. 3 నెలలు ఆగి వెళ్ళండి. జ్వరం వచ్చిన తేదీని రిపోర్టు మీదే రాయించుకోండి.