డబుల్ జీరో కారు వెనక: మట్టి ట్రాకు రేసుల మీద ఒక పాత ప్రేక్షకుడి సమీక్ష

ఫ్లోరిడాలోని టాంపా చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లు ఎవరైనా "మట్టి ట్రాకు మీద జరిగే కార్ల రేసులు చూడటానికి వెళ్లొచ్చా, పెట్టిన డబ్బుకి తగ్గట్టు ఉంటుందా" అని అడిగితే నేను చెప్పేది ఒకటే. తప్పకుండా వెళ్లండి, కాకపోతే స్టాండ్స్ టికెట్‌తో ఆగకుండా పిట్ పాస్ (కార్లని సిద్ధం చేసే చోటికి, అంటే పిట్స్‌లోకి వెళ్లనిచ్చే టికెట్) కూడా కొనుక్కోండి. ఏళ్ల తరబడి చలికాలం శనివారాలు ఈ రేసుల కోసమే దాచిపెట్టుకున్నవాడిగా చెబుతున్నాను. స్టాండ్స్‌లో కూర్చుంటే రేసు సగమే కనిపిస్తుంది. మిగతా సగం పిట్స్‌లో, ట్రెయిలర్ల మధ్య, జాకీ ఎత్తిన కార్ల కింద జరుగుతుంది.

నేను ఎక్కువగా వెళ్లింది గిబ్సన్‌టన్‌లోని ఈస్ట్ బే రేస్‌వే పార్క్‌కి. టాంపాకి దక్షిణాన, బే ఒడ్డుకి దగ్గర్లో ఉండేది. మైలులో మూడో వంతు పొడవున్న ఓవల్, మొత్తం బంకమట్టి. 1970ల నుంచి నడిచిన ఆ ట్రాకు 2024తో మూతపడింది. సర్కస్‌లలో, కార్నివాల్స్‌లో పనిచేసేవాళ్లు చలికాలం గడపడానికి స్థిరపడిన ఊరుగా గిబ్సన్‌టన్‌కి అమెరికా అంతటా పేరుంది. అలాంటి ఊళ్లో చలికాలం రాగానే ఉత్తరాది రాష్ట్రాల నుంచి రేసర్లు ట్రెయిలర్లు వేసుకుని దిగేవాళ్లు. న్యూయార్క్, పెన్సిల్వేనియాలలో మంచు పడుతున్నప్పుడు ఇక్కడ వింటర్‌నేషనల్స్ పేరుతో వారాల తరబడి రేసులు సాగేవి.

అక్కడ నేను మొట్టమొదట గుర్తుపెట్టుకున్న నంబరు 00. ఆ కారు బజీ రూటిమన్‌ది.

ఆయన 1941లో పుట్టారు. ఊరు టాంపాకి ఈశాన్యంగా ఉన్న జెఫిర్‌హిల్స్. 1950లలో రేసింగ్ మొదలుపెట్టిన ఆ మనిషి డెబ్బై దాటాక కూడా మాడిఫైడ్ కారులో (మామూలు కారుని రేసు కోసం మార్చి కట్టినది) కూర్చుని, మనవల వయసు కుర్రాళ్ల పక్కన మలుపుల్లోకి దూసుకెళ్లడం నేను కళ్లారా చూశాను. పెద్దాయన కదా అని దారి ఇచ్చేవాళ్లు ఎవరూ ఉండరు అక్కడ. ఆయనా అది కోరుకోరు. నాకు ఆశ్చర్యం వేసింది ఆయన వయసు చూసి మాత్రమే కాదు, తను నడిపే కారు ఎలా కట్టారో తనకే తెలిసిన మనిషి కావడం చూసి కూడా. మన దగ్గర వయసు మీదపడ్డ మేస్త్రి కట్టిన గోడ మీద చెయ్యి వేసి ఎక్కడ తేడా ఉందో చెప్పేస్తాడే, పిట్స్‌లో ఆయన కారు చుట్టూ తిరిగే తీరు అచ్చం అలా ఉండేది.

స్టాండ్స్‌లో నా పక్కన కూర్చునేవాళ్లలో చాలామంది చలికాలానికి ఫ్లోరిడా వచ్చే ఉత్తరాది ముసలివాళ్లు. వాళ్ల జ్ఞాపకాల్లో బజీ ఇంకో మనిషి. సిరక్యూస్‌లో న్యూయార్క్ స్టేట్ ఫెయిర్ మైదానంలో మైలు పొడవు మట్టి ట్రాకు ఉండేది. 1972లో అక్కడ మాడిఫైడ్ కార్లకు మొదటిసారి పెట్టిన పెద్ద వంద మైళ్ల రేసు గెలిచింది ఆయనే. మరుసటి ఏడాది 1973లోనూ ఆయనే గెలిచారు. ఆ రేసే పెరిగి పెద్దదై సూపర్ డర్ట్ వీక్ అయింది, 2015 వరకు అక్కడే జరిగి తర్వాత ఆస్వీగోకి మారింది. ఈ ముసలివాళ్లలో కొందరు 1972లో అక్కడ కుర్రాళ్లుగా ఉన్నవాళ్లు. 00 నంబరు కూపే (రెండు తలుపుల పాత కారు) వెనక లేచిన దుమ్ము గురించి చెబుతుంటే గొంతు మారిపోయేది. మిడిల్‌టౌన్‌లోని ఆరెంజ్ కౌంటీ ఫెయిర్ స్పీడ్‌వేలో ఆయన్ని వారం వారం చూసినవాళ్లు ఇంకొందరు. అక్కడి మట్టి నల్లగా, రాయిలా గట్టిగా ఉండేదనీ, అలాంటి చోట గెలిచినవాడికి ఫ్లోరిడా మట్టి ఒక లెక్కా అనీ వాళ్ల వాదన. నేను ఇక్కడి మట్టి పక్షం తీసుకుని వాదించేవాణ్ని. ఇంటర్వెల్ మొత్తం ఇదే గొడవ.

ఆ రోజుల మాడిఫైడ్ అంటే ఏమిటో వాళ్ల నోటి నుంచే నేర్చుకున్నాను. 1930ల నాటి కూపే కారు బాడీని తుక్కు దుకాణంలో పట్టుకొచ్చి, దాని కింద వేరే ఫ్రేమ్ పెట్టి, ముందు చక్రాల మీద మడ్‌గార్డులు తీసేసి, లోపల పెద్ద వీ8 ఇంజిన్ దించేవాళ్లు. ఇల్లు వదిలిపోని అన్నదమ్ములు, పక్కింటి వెల్డరు, సాయంత్రం డ్యూటీ దిగి వచ్చే స్నేహితుడు, వీళ్లే టీము. ఏ రెండు కార్లూ ఒక్కలా ఉండేవి కావు. అందుకే అప్పటి అభిమానులకు దూరం నుంచి నంబరు కనబడకపోయినా ఫలానా కారు అని తెలిసిపోయేదట. తర్వాత కూపేల స్థానంలో పింటో, వేగా, గ్రెమ్లిన్ లాంటి చిన్న కార్ల బాడీలు వచ్చాయి.

ఇంట్లో కట్టుకున్న కార్లు ఎందుకు పోయాయన్న విషయంలో మాత్రం వాళ్లతో నాకు పేచీ ఉంది. 1980లో సిరక్యూస్‌కి గ్యారీ బాలో అనే డ్రైవరు ఒక లింకన్ బాడీ కారుతో వచ్చాడు. దాన్ని కట్టినవాడు కెన్నీ వెల్డ్. గాలి కారుని నేలకు అదిమేలా బాడీని వెడల్పుగా, కిందకి దించి కట్టాడు. జనం దానికి బ్యాట్‌మొబైల్ అని పేరు పెట్టారు. మిగతావాళ్లకి అందకుండా గెలిచేసింది. ఆ తర్వాత అలాంటి కారు రాకుండా రూల్స్ మార్చారు. ఇంట్లో కట్టుకున్న కార్ల కాలం ఆ రోజుతోనే పోయిందని పాతవాళ్ల బాధ. నా అభిప్రాయం వేరు. ఆ లింకన్ కూడా ఒక మనిషి తన షెడ్డులో తన బుర్ర పెట్టి కట్టిందే. కాలాన్ని మార్చింది ఆ కారు కాదు, ఆ తర్వాత చాసిస్‌ని, అంటే కారు అడుగు ఫ్రేమ్‌ని, రెడీమేడ్‌గా కొనుక్కోవడం తేలిక కావడం.

ఇప్పుడు ఫ్లోరిడాలో మనకి కనబడేవి యూఎంపీ అనే రేసింగ్ సంస్థ రూల్స్ ప్రకారం కట్టిన మాడిఫైడ్స్. ఇవి న్యూయార్క్ పెద్ద మాడిఫైడ్స్ కంటే వేరు. ముందు చక్రాలు బయటికి కనిపిస్తాయి, వెనక చక్రాలు బాడీ కిందకి పోతాయి. ఫ్రేమ్ ముందు భాగం పాత అమెరికన్ ప్యాసింజర్ కారుది తీసుకుని వెనక అంతా స్టీలు ట్యూబులతో వెల్డింగ్ చేస్తారు. బరువు టన్నుకి కాస్త అటూ ఇటూ. ట్రాకు ఎప్పుడూ ఎడమకే తిరుగుతుంది కాబట్టి కారు మొత్తం ఎడమకే పుట్టినట్టు ఉంటుంది. బరువు ఎడమ వైపు ఎక్కువ వేస్తారు. వెనక కుడి టైరు చుట్టుకొలత ఎడమ దానికంటే పెద్దదిగా పెడతారు. వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసు మీద కలిసి తిరుగుతాయి కనుక, కుడిది పెద్దదైతే కారు దానంతట అదే ఎడమకి తిరుగుతుంది. దాన్నే స్టాగర్ అంటారు. పిట్స్‌లో టేపు పట్టుకుని టైరు చుట్టూ కొలిచే మనిషి కనిపిస్తే అక్కడ ఆగండి. రాత్రి మొత్తంలో చూడాల్సిన పనుల్లో అది ఒకటి.

ఇవన్నీ తెలిశాక మట్టి మీద చూపు పడుతుంది. సాయంత్రం నీళ్లు కొట్టి, బరువైన బండ్లతో తొక్కించి ట్రాకుని సిద్ధం చేస్తారు. మొదటి హీట్ రేసులప్పుడు (ఫైనల్‌కి ముందు జరిగే చిన్న రేసులు) మట్టి తడిగా, పట్టుగా ఉంటుంది. కార్లు ఎక్కడ వెళ్లినా అతుక్కుంటాయి, లోపలి గీత మీద నడిపినవాడే ముందుంటాడు. రాత్రి గడిచేకొద్దీ తడి ఆరి మధ్యలో నల్లటి నున్నటి దారి పడుతుంది. పట్టు ఉన్న మట్టి అంతా పైగట్టు దగ్గరకి చేరుతుంది. దాన్ని కుషన్ అంటారు. కుర్రాళ్లు ధైర్యంగా ఆ గట్టు మీద గ్యాస్ తొక్కుకుంటూ పోతారు. అనుభవం ఉన్నవాళ్లు కింద నున్నటి చోటే గ్యాస్ తక్కువగా వేస్తూ, టైరు తిరగకుండా, ఒక్కొక్కరినే దాటుకుంటూ వస్తారు. ఫీచర్ రేసుకి, అంటే ఆ రాత్రి ఫైనల్‌కి, ముందు కారు సెటప్ (స్ప్రింగులు, టైర్ల అమరిక) మార్చాలా వద్దా, మారిస్తే ఎంత మార్చాలి అనేది పిట్స్‌లో పెద్ద టెన్షన్. సొంతంగా కట్టిన కారు ఉన్నవాళ్లకి ఇక్కడే లాభం. ఏ స్ప్రింగు ఎందుకు పెట్టామో వాళ్లకి కంఠతా ఉంటుంది, ఫోన్ చేసి ఎవరినీ అడగక్కర్లేదు.

బజీ కొడుకు డేవిడ్ రూటిమన్ అమెరికాలో పేరున్న నాస్కార్ కార్ల రేసుల పెద్ద సిరీస్‌లో అదే 00 నంబరుతో నడిపి, 2009లో వాన వల్ల మధ్యలో ఆగిన కోకాకోలా 600 గెలిచాడు, 2010లో చికాగో దగ్గర ఇంకొకటి. టీవీలో అది చూసి ఆ పేరు తెలిసినవాళ్లే మన దగ్గర ఎక్కువ. కానీ నాకు నచ్చేది ఆ తర్వాతి సంగతి. ఆయన మళ్లీ మట్టి దగ్గరికే వచ్చి బీక్ బిల్ట్ పేరుతో మాడిఫైడ్ చాసిస్‌లు కడుతున్నాడు. అంటే ఆ ఇంట్లో వెల్డింగ్ ఆగలేదు. కొన్న చాసిస్‌తో వచ్చేవాళ్లని తక్కువ చేసి చూసే అలవాటు పాత అభిమానుల్లో ఉంది, నాకు లేదు. కొన్నా కూడా వారం వారం వంగిన గొట్టం కోసి కొత్తది అతికేది వాళ్ల చేతులే.

ఇక ఇబ్బందులు. ఏ మట్టి ట్రాకుకి వెళ్లినా ఇవి తప్పవు. చప్పుడు చాలా ఎక్కువ, చెవుల్లో ఫోమ్ ప్లగ్స్ లేకుండా ఒక్క హీట్ రేసు కూడా చూడొద్దు. పిల్లలకి చెవుల మీద పెట్టే మఫ్స్ ఇంటి దగ్గరే అలవాటు చేసి తీసుకెళ్లండి, అక్కడ కొత్తగా పెడితే ఏడ్చి తీసేస్తారు. మలుపు దాటిన వెంటనే ఉండే కింది వరసల్లో కూర్చుంటే మట్టి పెళ్లలు మీద పడతాయి, కూల్ డ్రింక్‌లోకి కూడా. పైన, స్ట్రెయిట్ మధ్యలో కూర్చోండి. యాక్సిడెంట్ అయిన ప్రతిసారీ పసుపు జెండా వేసి ఆపుతారు, అందువల్ల పదింటికి అయిపోవాల్సింది అర్ధరాత్రి దాకా సాగుతుంది. వాన పడితే మొత్తం రద్దు. శాకాహారులకి ఫ్రెంచ్ ఫ్రైస్, నాచోస్ తప్ప పెద్దగా ఏమీ దొరకదు కనుక తినే బయల్దేరడం మంచిది. సాయంత్రం ఒళ్లు చెమటలు పట్టినా, చలికాలం రాత్రి పది దాటాక స్వెట్టర్ కావాలి. తెల్ల బట్టలు మాత్రం వద్దు.

ఈస్ట్ బే పోయాక నేను వెళ్లేది బార్బర్‌విల్‌లోని వొలూషా స్పీడ్‌వే పార్క్‌కి. టాంపా నుంచి రెండు గంటల పైనే. అర మైలు ట్రాకు, వేగం బాగా ఎక్కువ. ఫిబ్రవరిలో నాస్కార్ వాళ్ల పెద్ద రేసు డేటోనా 500 జరిగే రోజుల చుట్టూ అక్కడ డర్ట్‌కార్ నేషనల్స్ జరుగుతాయి, గెలిచినవాళ్లకి మొసలి బొమ్మ ఉన్న ట్రోఫీ ఇస్తారు. ఈస్ట్ బేలో మూడో వంతు మైలే కాబట్టి ప్రతి మలుపూ ముక్కు ముందు ఉన్నట్టు ఉండేది, డ్రైవర్ చేతులు స్టీరింగ్ మీద కదలడం కూడా కనిపించేది. వొలూషాలో ఆ దగ్గరితనం లేదు, దానికి బదులు పెద్ద పెద్ద పేర్లన్నీ ఒకే చోట దొరుకుతాయి. కొత్తగా వెళ్లేవాళ్లు నేషనల్స్‌లో ఒక్క రోజుకే వెళ్లేటట్లయితే మాడిఫైడ్స్ ఉన్న రాత్రిని చూసుకుని ఎంచుకోండి. అన్ని రాత్రులూ ఒకే రకం కార్లు నడవవు.

గేట్లు తీసే సమయానికే చేరుకోండి. పిట్స్‌లో పెద్ద లారీ ట్రెయిలర్ల వరస దాటి చివరి దాకా నడవండి. పాత పికప్ వెనక తెరిచి ఉన్న ట్రెయిలర్ మీద వచ్చిన కారు ఒకటో రెండో ఎప్పుడూ ఉంటాయి. వాళ్లు పనిలో ఉన్నప్పుడు పలకరించకండి. హీట్ రేసు అయి, కారు దింపి, నీళ్లు తాగుతున్నప్పుడు వెళ్లి "ఇది మీరే కట్టారా" అని అడగండి. పిల్లలుంటే ముందుకి పంపండి, కారులో కూర్చోబెట్టి మరీ చూపిస్తారు.