ఆవిరి నిలవని ఓవెన్లో ఫ్రెంచ్ బ్రెడ్: నాలుగేళ్ళ తర్వాత నా మాట

ఈ ఓటీజీ, అంటే బల్లమీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్, 2021లో కొన్నాను. కొన్న ఆర్నెల్లకే ఒక సమీక్ష రాసి అయిదుకి అయిదు నక్షత్రాలూ ఇచ్చేశాను. "లోపల ఫ్యాన్ ఉంది, వేడి అన్ని మూలలకీ సమానంగా తగులుతుంది, ఫ్రెంచ్ బ్రెడ్డు కూడా ఇంట్లోనే చేసుకోవచ్చు" అని రాశాను. అది చదివి మా ఆఫీసులో ఇద్దరు కొన్నారు. అందులో ఒకాయన నాలుగేళ్ళుగా దాంట్లో అప్పడాలు కాల్చుకుంటున్నాడు, ఆయనకి ఏ ఇబ్బందీ లేదు. నేనూ అబద్ధం రాయలేదు. అప్పటికి నేను చేసినవి కేకులు, బిస్కెట్లు. ఫ్రెంచ్ బ్రెడ్డు అనుకుని చేసింది మాత్రం పైన తోలు, లోపల దూది ఉన్న పొడుగాటి బన్ను. అసలుది పుదుచ్చేరిలో ఒకసారి తిన్నానే గానీ, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు కదా.

ఎన్ని లీటర్లు, ఎన్ని వాట్లు, ఎన్ని నాబులు అన్నవి డబ్బా మీదే ఉంటాయి. కంపెనీ పేరు కూడా రాయను. ఆ ధరలో దొరికే ఓటీజీలన్నిటిదీ దాదాపు ఇదే కథ. నాకు దీనితో ఉన్న పేచీ ఒక్కటే. ఇది ఆవిరిని పట్టి ఉంచదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఫ్రెంచ్ బ్రెడ్డుకి సరుకులు నాలుగే: పిండి, నీళ్ళు, ఉప్పు, ఈస్టు. పాలు, వెన్న, పంచదార ఏవీ పడవు. ఫ్రాన్సులో ఒక రొట్టెని 'సంప్రదాయ ఫ్రెంచ్ రొట్టె' అని అమ్మాలంటే రసాయనాలు కలపకూడదు, పిండిముద్దని ఫ్రీజర్లో గడ్డకట్టించకూడదు అని 1993లో ఉత్తర్వే తెచ్చారు. అంటే సరుకులతో చేసే మాయ ఏమీ లేదు. పులియబెట్టడంలో సగం పని, మొదటి ఇరవై నిమిషాల ఆవిరిలో మిగతా సగం.

ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టినట్టు, చల్లటి పిండిముద్ద మీద ఆవిరి చేరి తడి పడుతుంది. ఆ తడి ఉన్నంతసేపూ పైపొర గట్టిపడదు, లోపలి గాలి ముద్దని పైకి నెడుతుంది. పైనున్న పిండి ఆ తడికి ఉడికి గంజి అవుతుంది. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చీర ఎందుకు నిగనిగలాడుతుందో, ఈ రొట్టె పైపెంకూ అందుకే నిగనిగలాడుతుంది. ఆవిరి లేకపోతే పెంకు ముందే బిగుసుకుంటుంది, రొట్టె లేవదు, చివరికి పక్కన ఎక్కడో చిట్లుతుంది. ప్యారిస్‌లో ఆవిరి పొయ్యిని వాడుకలోకి తెచ్చిన ఘనత ఆగస్ట్ జాంగ్ అనే ఆస్ట్రియా ఆయనకి ఇస్తారు. 1830ల చివర్లో వియన్నా పద్ధతిలో అక్కడొక బేకరీ తెరిచాడట. దాదాపు రెండువందల ఏళ్ళ కిందట ఆయనకి దొరికింది మా వంటగదిలో నాకు దొరకలేదు.

ఎందుకంటే, నేను అంతగా మెచ్చుకున్న ఆ ఫ్యానే లోపలి ఆవిరిని ఊడ్చి బయటికి నెట్టేస్తుంది. తలుపు అంచున కాగితం దూరేంత సందు, వెనకవైపు చిల్లులు. బిస్కెట్లకి ఇవన్నీ వరాలే, కరకరలాడతాయి. ఫ్యాన్ గురించి రాసింది వెనక్కి తీసుకోను గానీ, బ్రెడ్డు చేసేటప్పుడు దాని స్విచ్ ఆపేయండి.

ఇక ఓవెన్ తలుపు అద్దం పగిలిన సంగతి. 2022 నవంబరు నెలాఖర్లో బాగెట్ (కర్రలా పొడుగ్గా ఉండే ఫ్రెంచ్ బ్రెడ్డు) తయారీ పనితనాన్ని యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారని పేపర్లో చదివాను. చదివి ఊరుకుంటే బాగుండేది. ఈసారి పద్ధతి ప్రకారం చేయాలనుకుని, ఆ ఆదివారం రాత్రి రెండు పొట్టి బాగెట్లు చుట్టాను. అసలు బాగెట్ అరవై సెంటీమీటర్ల పైనే ఉంటుంది, మా ఓవెన్లో అడ్డంగా పెట్టినా ఐమూలగా పెట్టినా పట్టదు. అడుగున ఖాళీ ట్రే కాలనిచ్చి, బ్రెడ్డు పెట్టగానే అందులో గ్లాసుడు మరిగే నీళ్ళు పోసి టక్కున తలుపు మూసేయమని ఎక్కడ చూసినా ఇదే చిట్కా. పోశాను. భుస్సుమని ఆవిరి మొహానికి కొట్టింది. చెయ్యి వెనక్కి లాక్కోవడంలో గ్లాసు ఒలికి, కిందికి తెరిచి ఉన్న తలుపు అద్దం మీద కొన్ని నీళ్ళు పడ్డాయి. ఒక క్షణం ఏమీ కాలేదు. హమ్మయ్య అనుకున్నాను. తర్వాత టప్పుమని ఒకే ఒక్క చప్పుడు, అంతే, అద్దం మొత్తం పొడిపొడిగా రాలిపోయింది. నేలమీద, ట్రేలో, రెండు బాగెట్ల మీద కూడా పలుకులు. లోపల రాడ్లు మాత్రం ఎర్రగా వెలుగుతూనే ఉన్నాయి. చప్పుడుకి గదిలోంచి వచ్చిన మా అమ్మాయి, "బ్రెడ్డు మీద పటికబెల్లం చల్లావా నాన్నా?" అంది.

సర్వీసు వాళ్ళకి ఫోన్ చేస్తే ఫొటోలు పంపమన్నారు. "అద్దానికి వారంటీ రాదు సార్. పైగా మీరు నీళ్ళు పోశారు" అన్నారు. మాన్యువల్లో అద్దానికి నీళ్ళు తగలనీయొద్దని ఉంది, ఒప్పుకున్నాను. అదే మాన్యువల్ చివరి పేజీలో బ్రెడ్డు చేసేటప్పుడు ఓవెన్లో గిన్నెతో నీళ్ళు పెట్టమని కూడా ఉంది. దానికి ఆ అబ్బాయి దగ్గర జవాబు లేదు. ఉత్త అద్దం ఇవ్వరట, తలుపు మొత్తం మార్చాల్సిందే. 1,800 రూపాయలు, మూడు వారాలు. వచ్చిన తలుపు కుడివైపు కాస్త దిగి ఉంది. ఆవిరి పోవడానికి పాత సందుకి తోడు కొత్తదొకటి దొరికింది.

అద్దం పగలడం నా పొరపాటే, దానికి ఓవెన్ని తిట్టను. నా కోపమల్లా, తలుపు వచ్చాక తువ్వాలు కప్పి జాగ్రత్తగా నీళ్ళు పోసినా ఆ ఆవిరి రెండు నిమిషాలు కూడా నిలవలేదనే. ఐసు ముక్కలు వేశాను. పూలకుండీలకి వాడే స్ప్రే సీసాతో కొట్టాను. ఒకసారి కింది రాడ్డు మీద నీళ్ళు పడి మెయిన్ ట్రిప్పయి, సీరియల్ మధ్యలో టీవీ ఆగిపోయింది. ఆ రాత్రి ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడలేదు. వంటగదిలో మాత్రం ఆవిరికేం కొదవలేదు, కిటికీ అద్దాలన్నీ చెమర్చాయి.

అప్పుడు అమ్మ అంది, "ఇల్లంతటికీ ఆవిరి పెడతావేంట్రా? రొట్టెకి పెట్టాలి గానీ."

మా అమ్మది పాలకొల్లు వైపు. దిబ్బరొట్టె వేయడానికి మందపాటి పోత ఇనుప మూకుడు ఒకటి ఉంది, అమ్మమ్మ నాటిది. దానికంటే కాస్త చిన్నది ఇంకోటి. అమ్మమ్మ కుంపటి మీద రొట్టె వేసి, మూతమీద కూడా నిప్పులు పోసేదట. "దిబ్బరొట్టెకి మూత పెడితే దాని ఆవిరి దానికే సరిపోతుంది. నీ దొరల రొట్టెకి మూత పెట్టకూడదని ఎవరన్నా చెప్పారా?"

ఎవరూ చెప్పలేదు. పైగా మూతున్న బరువైన ఇనుప పాత్రలో బ్రెడ్డు కాల్చడం బయటి దేశాల్లో మామూలు సంగతే. నేనే ఆ పాత్ర ధర వేలల్లో చూసి, అది మనది కాదులే అని పక్కకి జరిగాను. కింద నిప్పు, పైన నిప్పు, మధ్యలో మూసిన ఇనుము: అమ్మమ్మ కుంపటి పనే ఈ ఓటీజీది కూడా అని నాకు తట్టలేదు.

పెద్ద మూకుట్లో ముద్ద, దానిమీద చిన్న మూకుడు బోర్లించాను. చెవులు రెండువైపులా ఓవెన్ గోడలకి వేలెడు దూరంలో ఆగాయి. ఇరవై నిమిషాలయ్యాక పట్టకారుతో పై మూకుడు ఎత్తితే ముందు ఆవిరి లేచింది, తర్వాత రొట్టె కనిపించింది. నిజంగా పొంగింది. బ్లేడుతో గీసిన గాటు పువ్వులా విచ్చుకుని, దాని అంచు గోరులా పైకి లేచింది. రంగు ఇంకా రాలేదు గానీ పైన నూనె రాసినట్టు మెరుస్తోంది. మూత లేకుండా ఇంకో ఇరవై అయిదు నిమిషాలు ఉంచితే ముదురు బెల్లం రంగుకి తిరిగింది. బయటికి తీసి జల్లెడ మీద పెట్టాను. ఒక నిమిషం తర్వాత చిటపటమని సన్నటి చప్పుడు మొదలైంది. పెంకు చల్లారుతూ నెర్రెలిస్తుంటే వచ్చే చప్పుడది, బేకరీలవాళ్ళు రొట్టె పాడుతోందంటారు. అమ్మ వంగి చెవి పెట్టి, "పోపు వేసినట్టుందే" అంది.

బాగెట్ కాలేదని కొన్నాళ్ళు బాధపడ్డాను, గుండ్రంగా బండలా ఉంది కదా అని. తర్వాత తెలిసింది, రొట్టెలు చేసేవాణ్ణి ఫ్రెంచ్‌లో బూలాంజే అంటారు, ఆ మాట గుండ్రటి రొట్టె చేసేవాడన్న దాన్నుంచే వచ్చిందట. కాబట్టి మరీ నకిలీ ఏం కాదు.

మొదటిసారి చేసేవాళ్ళకి నా కొలత: మైదా అరకిలో, నీళ్ళు 340 గ్రాములు, ఉప్పు 10 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్టు 2 గ్రాములు. కప్పులూ చెంచాలూ వద్దు, కాటా కొనండి. మైదా ప్యాకెట్ వెనక ప్రోటీన్ వందకి పది, పదకొండు ఉంటే చాలు, ఖరీదైన బ్రెడ్ పిండి అక్కర్లేదు. ముందు పిండీ నీళ్ళూ మాత్రమే కలిపి అరగంట మూత పెట్టండి. 1970లలో రేమో కల్వెల్ అనే ఫ్రెంచ్ ప్రొఫెసరు దీనికి ఆటోలిజ్ అని పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చారు. చపాతీ పిండి తడిపి నాననివ్వడం తెలిసిన ఇంట్లో దీనికి పాఠం అక్కర్లేదు. తర్వాత ఉప్పు, ఈస్టు కలిపి, అరగంటకోసారి చొప్పున మూడుసార్లు అంచులు లాగి మడతపెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున్నకి ఆ ముద్ద వాసనే వేరు, కాస్త పుల్లగా, కాస్త కమ్మగా. గుండ్రంగా చుట్టి ఇంకో గంటలోపు పొంగనిచ్చి, పాత గడ్డం బ్లేడు సగం ముక్కతో ఒకే గాటు పెట్టండి. భయపడుతూ గీస్తే పిండి సాగుతుంది.

మూకుళ్ళు రెండూ లోపల పెట్టి ముప్పావుగంట కాలనివ్వాలి. ఇక్కడ ఇంకో సవరణ. "నాబ్ ఎంత చెప్తే అంత వేడి" అని పాత సమీక్షలో రాశాను. తర్వాత ఓవెన్ థర్మామీటర్ కొని లోపల పెడితే, నాబ్ మీద 250 డిగ్రీలు ఉన్నప్పుడు అది 215 చూపించింది. ఇనుము ఆ లోటు చాలావరకు తీరుస్తుంది, అందుకే ముప్పావుగంట. ముద్ద కింద వేసే కాగితం బేకింగ్‌ది అయి ఉండాలి. మా వీధి కొట్లో ఇచ్చిన బటర్ పేపర్ రొట్టెకి అతుక్కుపోతే, పెంకుతో పాటు ఊడదీశాను. పల్చటి మసిగుడ్డతో ఆ మూకుడు పట్టుకోవద్దు. నా కుడి మణికట్టు మీద వంకీలా ఒక మచ్చ ఉంది.

మరి కొనమంటారా అని అడిగితే సూటిగా చెప్పలేను. మేం ఇంట్లో నలుగురం, వారానికో రొట్టె. వంటగదిలో పదహారు ఆంపియర్ల ప్లగ్గు ముందునుంచీ ఉంది, మామూలు సాకెట్లో దీన్ని పెట్టకూడదు. ఒక్కో రొట్టెకి రెండు యూనిట్ల పైనే కరెంటు. ఏప్రిల్ రెండోవారం నుంచి తొలకరి దాకా బెజవాడలో నేనసలు ఓవెన్ జోలికి పోను. పిండి కలుపుతుండగానే చేతికిందే పొంగుతుంది, వంటగదిలో నిలబడలేం. ఆ రెండు నెలలూ ఓటీజీ మీద గుడ్డ కప్పి ఆవకాయ జాడీలు పెడతాం. ఇక్కడి ఉక్కకి రొట్టె పెంకు సాయంత్రానికే మెత్తబడుతుంది, పెనం మీద వేడి చేసుకోవాల్సిందే. మూకుళ్ళు నాకు ఉత్తినే దొరికాయి. మీకవి లేకపోతే, ఓవెన్ ధరకి ఇనుము ఖర్చు కూడా కలుపుకుని చూసుకోండి. బాగెట్టే కావాలంటే మాత్రం ఈ పద్ధతి మీకు పనికిరాదు.

నక్షత్రాలు మూడుకి దించాను. తలుపు తిన్నగా ఉండుంటే మూడున్నర ఇచ్చేవాణ్ణేమో.

రొట్టె చివర గట్టి ముక్క అమ్మది. దిబ్బరొట్టెకి నంచుకున్నట్టే చెరకు పానకంలో ముంచుకుని తింటుంది, "ఉప్పు తగ్గింద్రా" అని ప్రతిసారీ అంటుంది. ఈ ఆదివారం తమ్ముడి పిల్లలు వస్తున్నారని మినప్పప్పు నానబోస్తానంది. కాబట్టి మూకుడు ఆవిడది, ఈ వారానికి బ్రెడ్డు లేదు.