సైక్లిస్టు ఆత్మకథ కొంటున్నారా? అట్ట చూసి మోసపోకండి

‘కొత్త ఎడిషన్’ అని పెట్టి పాత ఆత్మకథలే అంటగడుతున్నారు, జాగ్రత్త. అట్ట కొత్తది, మహా అయితే రెండు పేజీల ముందుమాట కొత్తది, లోపలంతా పాతదే. అమెరికా సైక్లిస్టు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ మొదటి ఆత్మకథ 2000లో వచ్చింది. డోపింగ్ (గెలవడానికి నిషేధిత మందులు, పద్ధతులు వాడడం) బయటపడి అతని ఏడు టూర్ డి ఫ్రాన్స్ టైటిళ్లు 2012 అక్టోబరులో ఊడిపోయాయి, 2013 జనవరిలో టీవీలో తనే ఒప్పుకున్నాడు. అందుకే పాత పాఠంలో రేసుల భాగాన్ని నమ్మడానికి లేదు. (క్యాన్సర్ అధ్యాయాలు వేరే సంగతి, అవి ఇప్పటికీ చదివిస్తాయి.)

డబ్బు వాపసు వస్తుందనుకోకండి. నిజమని చెప్పి అబద్ధం అమ్మారంటూ కాలిఫోర్నియాలో పాఠకులు కేసు వేస్తే, పుస్తకంలోని మాటలకు భావప్రకటన స్వేచ్ఛ వర్తిస్తుందని 2013లో కోర్టు కొట్టేసింది. చూసుకునేదేదో కొనకముందే చూసుకోవాలి.

అమ్మేవాళ్లను కాపీరైట్ పేజీ ఫోటో అడగండి. అడుగున 10 9 8 7 అని అంకెల వరుస ఉంటే, అందులో అన్నిటికంటే చిన్నది ఎన్నో ముద్రణో చెబుతుంది. ముద్రణ మారినంత మాత్రాన పాఠం మారదు, ‘మొదటి ప్రచురణ’ ఏడాదే ముఖ్యం. చివర పదసూచి ఫోటో కూడా తెప్పించుకుని ఈపీఓ (ఎర్రకణాలు పెంచే మందు), హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) ఉన్నాయేమో వెతకండి. 1990ల చివర్లో రేసులాడిన మనిషి పుస్తకంలో 50 శాతం హద్దు ఊసే లేకపోతే అనుమానించాల్సిందే. హెమటోక్రిట్ అది దాటితే అప్పట్లో రేసు నుంచి పక్కన పెట్టేవాళ్లు. ప్రపంచ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ 1997లో పెట్టిన హద్దు. 1999లో ఇటలీ పెద్ద రేసు జిరో డి ఇటాలియాలో గెలుపు అంచున ఉన్న ఇటలీ సైక్లిస్టు పంతానీని ఇంటికి పంపింది 52 చూపిన పరీక్షే.

ఒప్పుకోలు పుస్తకాల్లోనూ నాసిరకం ఉంది. ‘అందరూ చేశారు, నేనూ చేశాను’ దగ్గర ఆగిపోతే దండగ. పనికొచ్చేది ఎలా చేశారో చెబుతుంది. ఈపీఓ చర్మం కింద పొడిస్తే రోజుల తరబడి దొరికిపోయే భయం, అందుకే రాత్రిపూట చిన్న మోతాదు నేరుగా నరంలోకి. పరీక్షవాళ్లు తలుపు తడితే సెలైన్ ఎక్కించి రక్తం పలచన చేయడం. తన రక్తమే అర లీటరు తీయించి ఫ్రిజ్‌లో దాచి, టూర్ మధ్యలో ఎక్కించుకోవడం. ఆ సంచి ఐదారు వారాలకు మించి ఆగదు. పాడైన రక్తం ఎక్కితే కణాలు పగిలి చలిజ్వరం, మూత్రం ముదురు రంగులో. ఇలాంటి పేజీ ఒక్కటైనా లేని ఒప్పుకోలుకు డబ్బు పెట్టకండి.

ఈబుక్ అయితే ముందు ఉచిత శాంపిల్ దించుకోండి, చాలావాటిలో కాపీరైట్ పేజీ అందులోనే ఉంటుంది.