‘సజీవ మట్టి’ బస్తాలు కొనే ముందు ఇది చదవండి: విజయనగరం, శ్రీకాకుళం మిద్దె తోటల వారికి హెచ్చరిక

విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల్లో మేడ మీద కూరగాయలు పెంచుకుంటున్న వారందరికీ వెంటనే తెలియాల్సిన విషయం ఇది. ‘సజీవ మట్టి’, ‘జీవ మట్టి’ అనే పేర్లతో ఇరవై కిలోల ప్లాస్టిక్ బస్తాలను ఆటోలో ఇంటికే తెచ్చి దించుతున్నారు. బస్తా 650 రూపాయలు. మూడేళ్ల వరకు ఏ ఎరువూ వేయనక్కర్లేదని, విత్తనం నాటి నీళ్లు పోస్తే చాలని చెబుతున్నారు. బస్తా మీద తయారు చేసిన వారి చిరునామా, తయారైన నెల, లోపల ఏమేమి కలిపారనే వివరం లేకపోతే దయచేసి కొనకండి. వాటితో పాటు అంటగడుతున్న ‘ఏడాది నిల్వ ఉండే జీవామృతం’ (ఆవు పేడ, మూత్రం, బెల్లంతో చేసే ద్రవ ఎరువు) సీసాలైతే ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. మా వీధిలో మూడు ఇళ్ల వాళ్లం కొన్నాం. మూడు మేడల మీదా నారు చచ్చిపోయింది.

అమ్మిన వారి పేరు నేను ఇక్కడ రాయడం లేదు. ఫిర్యాదు నడుస్తోంది, అది తేలాలి. పైగా పేరు రాసినంత మాత్రాన మీకు కలిగే మేలు తక్కువ. రేపు పేరు మారుతుంది, బస్తా రంగు మారుతుంది. సరుకును గుర్తుపట్టడం తెలిస్తే ఏ పేరుతో వచ్చినా ఆపగలం.

కొనే ముందు మాకు చూపించిన నమూనా నల్లగా, పొడిపొడిగా, తడి మట్టి వాసనతో చక్కగా ఉంది. ఇంటికి వచ్చిన బస్తాలు విప్పితే లోపలిది వేరే సరుకు. చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది, కళ్లు మండేంత ఘాటు వాసన వచ్చింది. అక్కడక్కడ అరకొరగా కుళ్లిన పేడ ముద్దలు, కోళ్ల పెంట, కొబ్బరి పీచు కనిపించాయి. ఫోను చేసి అడిగితే అమ్మినాయన తడుముకోకుండా చెప్పిన జవాబు: “సూక్ష్మజీవులు పని చేస్తున్నాయమ్మా, అందుకే వేడి.”

నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇలాంటి జవాబులే. అందులో సగం నిజం ఉంది. వేడి పుట్టేది సూక్ష్మజీవుల వల్లే. కానీ కంపోస్టు కుప్ప వేడెక్కడం అంటే అది ఇంకా ఉడుకుతోందని అర్థం. ఆ దశలో కుప్ప లోపల 55 నుంచి 65 డిగ్రీల దాకా వేడి ఉంటుంది. కలుపు గింజలు, రోగకారక క్రిములు నశించడానికి ఆ వేడి అవసరమే. అయితే అది చల్లారి, తర్వాత కొన్ని వారాలు మాగిన తరువాతే మొక్కకు పనికొస్తుంది. మాగని సరుకులో విత్తనం వేస్తే, అందులోని పీచును, ఊకను కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులకు నత్రజని కావాలి. దాన్ని అవి మొక్క వేళ్లకు అందకుండా లాగేసుకుంటాయి. బాగా మాగిన కంపోస్టులో కర్బనం, నత్రజని నిష్పత్తి 20 కంటే తక్కువకు దిగుతుంది. ఎండు వరిగడ్డిలో అది 60 పైనే. ఈ తేడా తెలియని వారు ఈ వ్యాపారం చేయకూడదు, తెలిసి చేస్తే అది ఇంకా పెద్ద తప్పు. ఇక పచ్చి కోళ్ల పెంట నుంచి వెలువడే అమోనియా లేత వేళ్లను నేరుగా మాడ్చేస్తుంది. మా టమాటా, వంగ నారు ముందు పసుపెక్కి, తర్వాత ఆకుల కొసలు మాడి, మొదళ్ల దగ్గర వాలిపోయింది. దానికి ఆయన చెప్పిన మాట, “మొక్క కొత్త మట్టికి అలవాటు పడుతోంది.”

తర్వాత కుండీల అంచుల వెంట, మట్టి పైన తెల్లటి పొర కట్టింది. అది శిలీంధ్రమని, మేలు చేసేదని అన్నారు. నిజమే, మంచి మట్టిలో తెల్లటి శిలీంధ్రపు పోగులు ఉంటాయి. అవి దూది పోగుల్లా మెత్తగా ఉంటాయి, వేలు తగిలితే నలిగిపోతాయి. మా కుండీల మీద ఉన్నది గరగరలాడే పొడి, నీటిలో వేస్తే కరిగిపోయింది. అది ఉప్పు. సరిగా కడగని కొబ్బరి పొట్టులో సోడియం, పొటాషియం లవణాలు బాగా ఉంటాయి. పచ్చి కోళ్ల పెంటలోనూ లవణాలు ఎక్కువే. శ్రీకాకుళం జిల్లా కొబ్బరి తోటల ప్రాంతమైన ఉద్దానం వైపు కొబ్బరి పొట్టుకు కొదవ లేదు, మన తోటలకు అది వరం లాంటిది కూడా. కానీ మంచినీటిలో రెండు మూడు సార్లు నానబెట్టి పిండకుండా వాడకూడదు.

పక్కింటి వదిన కుండీలు తిరగేస్తే తెల్లగా, లావుగా, ఒంపు తిరిగి ముడుచుకున్న పురుగులు బయటపడ్డాయి. ఇవే సజీవ మట్టికి సాక్ష్యం అన్నారట! పచ్చి పేడ దిబ్బల్లో పెరిగే కొమ్ముపురుగు పిల్లలు అచ్చం ఇలాగే ఉంటాయి. పెద్దవయ్యాక ఆ పురుగులు కొబ్బరి మొవ్వును తొలుస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు కొబ్బరి తోటలు నేలమట్టమై, మళ్లీ మొక్కలు నాటుకుని నిలదొక్కుకుంటున్న ఉద్దానానికి ఇలాంటి బస్తాలు చేరితే ఎంత నష్టమో ఆలోచించండి. కవిటి, సోంపేట, కంచిలి వైపు బంధువులకు ఈ మట్టిని పంపే ఆలోచన ఉంటే వెంటనే మానుకోండి.

అసలు ఆ నలుపు ఎక్కడిదో చెప్పాలి. మట్టి నల్లగా ఉంటే సారవంతమని మనందరి నమ్మకం, దాన్నే వాడుకున్నారు. గాజు సీసాలో మూడో వంతు ఆ మట్టి వేసి, నిండా నీళ్లు పోసి, బాగా కుదిపి వదిలేశాను. ఒక నిమిషంలో ఇసుక అడుగుకు చేరింది. పైన కాలిన ఊక మందంగా తేలింది. మధ్యలో నీరు మసిలా మారి మర్నాటికి కూడా తేరుకోలేదు. రైసు మిల్లుల దగ్గర గుట్టలుగా పడి ఉండే ఊక బూడిద అది. కాలిన ఊక చెడ్డదని నేను అనను, కొద్దిగా కలిపితే మట్టి గుల్లగా ఉంటుంది. కానీ బస్తాలో అదే ప్రధాన సరుకైతే క్షార గుణం పెరిగి, మొక్కకు ఇనుము వంటి పోషకాలు అందవు. ఈనెలు పచ్చగా ఉండి, మధ్య భాగం పసుపెక్కిన బెండ ఆకులు అదే చెప్పాయి. నేల పరీక్ష చేయిస్తే ఉదజని సూచిక (పీహెచ్) 8.9 వచ్చింది. కూరగాయలకు 6 నుంచి 7.5 మధ్య ఉంటే మంచిది. లవణాల కొలత (విద్యుత్ వాహకత) కూడా మీటరుకు 4 డెసీసీమెన్స్ దాటింది. పట్టణ కంపోస్టుకు ప్రభుత్వ ప్రమాణం ప్రకారం 4 మించకూడదు.

జీవామృతం సీసాల సంగతి వేరుగా చెబుతాను, ఎందుకంటే ఈ మోసం గుర్తించడం అన్నిటికంటే తేలిక. 200 లీటర్ల నీటికి పది కిలోల ఆవు పేడ, ఐదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గట్టు మీద మట్టి గుప్పెడు కలిపి, నీడలో 48 గంటలు ఉంచి, పొద్దున సాయంత్రం కర్రతో తిప్పుతారు. తయారయ్యాక వారం రోజుల్లో వాడేయాలి. అందులోని సూక్ష్మజీవులకు గాలి కావాలి, తిండి కావాలి. బిగించిన సీసాలో రెండూ అయిపోతాయి. మాకిచ్చిన సీసా ఉబ్బిపోయింది, మూత తిప్పగానే నురగతో చిమ్మింది, వాసనకు పై అంతస్తులో ఎవరూ నిలబడలేకపోయారు. కావాలంటే మీరే ఇంట్లో చేసుకోవచ్చు. 20 లీటర్ల నీటికి కిలో పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల ఉలవ పిండి, గుప్పెడు మట్టి. కుండీలకు పోసేటప్పుడు పది రెట్లు నీళ్లు కలపండి. మన ఊళ్లలో ఆవు ఉన్న ఇల్లు ఇంకా నడిచి వెళ్లే దూరంలోనే ఉంటుంది. నిల్వ ఉండేది కావాలంటే దీని పొడి రూపం, నీడలో ఆరబెట్టిన ఘనజీవామృతం ఉంది, గోనె సంచిలో నెలల తరబడి ఉంటుంది.

ఆ అమ్మకందారు తన సరుకు ప్రకృతి వ్యవసాయ పథకం కిందిదని కూడా చెప్పుకున్నారు. ఇది నాకు మింగుడు పడలేదు. 2016లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం నిలబడిందే రైతు తన ఎరువు తానే తన ఇంటి దగ్గర తయారు చేసుకోవాలన్న సూత్రం మీద. 2024లో దానికి గుల్బెంకియన్ పురస్కారం వచ్చిందంటే, వెనుక ఉన్నది పేడ కలిపి, బెల్లం కరిగించి, పొలాల్లో తిరిగిన స్వయం సహాయక సంఘాల మహిళల కష్టం. వాళ్ల పేరు వాడుకుని మిల్లు బూడిద అమ్మితే, నిజంగా ఘనజీవామృతం చేసి అమ్ముకునే మహిళల దగ్గర రేపు ఎవరు కొంటారు?

బస్తా మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ, ‘నూరు శాతం సేంద్రియం’ అన్న ముద్ర ఉన్నాయి. వాటిని చూసి నమ్మకండి. ‘జైవిక్ భారత్’ ముద్ర ఆహార పదార్థాలకు సంబంధించినది, మట్టి బస్తాకు అది ఏమీ రుజువు చేయదు. వానపాముల ఎరువు, పట్టణ కంపోస్టు, జీవన ఎరువులు అని పేరు పెట్టి అమ్మితే మాత్రం 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద ప్రమాణాలు ఉన్నాయి. ఉదాహరణకు వానపాముల ఎరువులో తేమ 15 నుంచి 25 శాతం, నత్రజని కనీసం 1 శాతం ఉండాలి, దుర్వాసన ఉండకూడదు. ‘కోట్ల సూక్ష్మజీవులు’ అనేవారిని ఏ సూక్ష్మజీవి, గ్రాముకు ఎంత, గడువు ఎప్పటిదాకా అని అడగండి. మేం అలా అడిగిన పాపానికి ‘మీకు నమ్మకం లేకపోతే వద్దు’ అని దబాయించారు. నిజమైన సరుకు ఉన్నవారు అలా మాట్లాడరు.

కొనక తప్పదనుకుంటే ఒక్క బస్తా తెచ్చి, ఒక్క కుండీలో మెంతులో ముల్లంగి గింజలో చల్లండి. పక్కనే మీ పాత మట్టిలో అవే గింజలు చల్లండి. వారం పది రోజుల్లో తేడా కళ్లకు కడుతుంది. గుప్పెడు మట్టిని తడిపి, కవరులో గాలి చొరకుండా కట్టి వారం తర్వాత విప్పండి. మాగిన మట్టికి తొలకరి చినుకు పడ్డప్పటి వాసన ఉంటుంది, అది మట్టిలోని ఆక్టినోమైసిట్స్ అనే సూక్ష్మజీవుల వల్ల వచ్చేది. మాగనిది కుళ్లు కంపు కొడుతుంది. నమూనాకు చూపించిన మట్టిని కూడా కొంచెం అడిగి తెచ్చుకోండి, వచ్చిన బస్తాతో పోల్చడానికి అదే ఆధారం.

నా మాట వింటే బస్తా అవసరమే లేదు. మన జిల్లాల ఎర్ర మట్టి ఒక పాలు, ఏడాది మాగిన పశువుల గత్తం ఒక పాలు, కడిగిన కొబ్బరి పొట్టు ఒక పాలు, కుండీకి గుప్పెడు వేప పిండి. పైన ఎండుటాకులు కప్పితే ఎండకు తేమ ఆరదు, కింద జీవం నిలుస్తుంది. మట్టిలో ప్రాణం మొక్క వేరు, తేమ, కుళ్లే ఆకు ఉన్నచోట పెరుగుతుంది. ఏ ఎరువూ లేకుండా మూడేళ్లు కాయలు కోసుకోవడం ఏ మట్టికీ సాధ్యం కాదు. కోసిన ప్రతి కాయతో పాటు పోషకాలు కుండీలోంచి బయటకు పోతూనే ఉంటాయి.

ఇప్పటికే కొన్నవారు ఆ మట్టిని పారేయకండి. పురుగులను ఏరేసి, నీడలో టార్పాలిన్ మీద కుప్పపోసి, సమానంగా ఎర్ర మట్టి, ఎండుటాకులు కలిపి, తడి ఆరకుండా చూస్తూ వారానికోసారి తిరగేయండి. రెండు మూడు నెలలకు వేడి, ఘాటు పోతాయి. తర్వాత కుండీల్లో నింపి, అడుగు రంధ్రాల నుంచి ధారాళంగా కారేలా కొన్ని సార్లు నీళ్లు పోస్తే లవణాలు చాలావరకు కొట్టుకుపోతాయి. మెంతులు మొలిచి నిలిస్తేనే నారు నాటండి.

ఖాళీ బస్తా, రసీదు, ఫోనులో డబ్బు పంపిన వివరం, మొక్కల ఫోటోలు జాగ్రత్తగా ఉంచండి. ప్యాకెట్టులో అమ్మే సరుకు మీద తయారీదారు పేరు, చిరునామా, నికర బరువు, గరిష్ఠ ధర, తయారైన నెల, సంవత్సరం ఉండాలన్నది 2011 నాటి తూనికలు కొలతల నిబంధన. ఇవి లేకపోవడమే మీకు మొదటి ఆధారం. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915, తెలుగులోనే మాట్లాడవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషనులో ఐదు లక్షల లోపు విలువకు రుసుము లేదు, రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయాలి. మాకు విప్పని బస్తాల డబ్బు మాత్రం తిరిగి ఇచ్చారు. విప్పినవాటికి, పోయిన నారుకు ఇవ్వబోమని చెప్పారు. అందుకే కమిషనుకు వెళ్లాం.

ఒకే రకంగా నష్టపోయిన వాళ్లు అనుమతి తీసుకుని కలిసి ఒకే ఫిర్యాదు వేసే వీలు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. బొబ్బిలి, చీపురుపల్లి, ఆమదాలవలస, రాజాం వైపు ఇవే బస్తాలు కొన్నవారు ఉంటే కింద రాయండి. బస్తా ముందు వైపు, వెనుక వైపు ఫోటోలు, కొన్న నెల పెడితే చాలు.